వాన వేషం

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో మిరప కోతలు మొదలైతే ఇంటిల్లిపాదీ తలలు పైకెత్తుకుని తిరిగేవాళ్ళం. మబ్బును ఎవరు ముందు చూస్తే వాళ్ళు కేకెయ్యాలి. కల్లంలో ఎండబోసిన కాయ మీద ఒక్క జల్లు పడితే చాలు, ఎరుపు చెడి, తెల్లమచ్చలు తేలి తాలుకాయ అయిపోతుంది. ఏడాదంతా పడ్డ పాట్లు పావుగంటలో పోతాయి. అందుకని కల్లం చుట్టూ టార్పాలిన్ పట్టాలు మడతపెట్టి, గాలికి లేవకుండా వాటి మీద రాళ్ళు పెట్టి ఉంచేవాళ్ళం. ఉరుము వినపడితే కంచం ముందునుంచి లేచి పరిగెత్తడమే. కాపురానికి వచ్చిన మొదటి ఏడు నేను ఎంగిలిచేత్తోనే పట్టా అంచు పట్టుకుని లాగాను. అవతలి కొస లాగుతూ మా అత్తగారు వానను తిట్టిన తిట్లు ఆ రోజు డైరీలో రాద్దామని కూర్చుని, సగం రాసి కొట్టేశాను.

వాన మీద ఆ కోపం నాలో ఎంత లోతుగా ఇంకిపోయిందో నాకు తెలియదు. తెలియకుండానే దాన్ని వెంటబెట్టుకుని సముద్రం దాటి పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్ళాను.

సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు బళ్ళో పదిహేనేళ్ళు చిన్నపిల్లల క్లాసులు చూశాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మాల్దీవుల్లో టీచర్లు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. రెండేళ్ళ ఒప్పందం. మా పిల్లలిద్దరూ అప్పటికి హాస్టళ్ళలో చదువుతున్నారు. మావారు పొలం వదిలి కదిలే మనిషి కాదు. "వెళ్ళిరా. రెండేళ్ళంటే ఎంత, రెండు కోతలేగా," అన్నారు. ఆయన కాలాన్ని అలాగే కొలుస్తారు.

నన్ను వేసిన దీవిని ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. మొదటి వారంలోనే గడియారం చూసుకుంటూ నడిచి డైరీలో రాసుకున్నాను. వీధులన్నీ తెల్లటి ఇసుక. పొద్దున్నే ఆడవాళ్ళు వాటిని ఊడ్చి, ఆకు కూడా లేకుండా దువ్వినట్టు వదిలేవాళ్ళు. నాకు ఒకటో తరగతి ఇచ్చారు. ఇరవై రెండు మంది, అందరూ ఆరేళ్ళ వాళ్ళు. వాళ్ళ భాష నాకు రాదు, నా ఇంగ్లీషు వాళ్ళకు సగమే అందుతుంది. మిగతా సగం బొమ్మలు గీసి చెప్పేదాన్ని.

ఆ బళ్ళో తెలుగు మాట్లాడే మనిషి నాతోపాటు ఇంకొక్కరే ఉన్నారు, ఒంగోలు పక్క కొత్తపట్నం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. ముస్లింల అబ్బాయి, నాకంటే పదేళ్ళు చిన్న. మొదటిరోజే అక్కా అన్నాడు కనుక నాకు తమ్ముడయ్యాడు. నాలుగేళ్ళుగా అక్కడే ఉండటంతో దీవి భాష గడగడా మాట్లాడేవాడు. నేను మావారి చేత తెప్పించుకున్న కారప్పొడిలో సగం అతని గదికే పోయేది.

బడి తెరిచిన మూడో నెలలో తల్లిదండ్రుల రోజు వచ్చింది. ప్రతి తరగతీ ఒక ప్రదర్శన ఇవ్వాలి. మిగతా టీచర్లు పాటలు, డాన్సులు ఎంచుకున్నారు. నేను నాటిక రాశాను. పది నిమిషాల నాటిక, పేరు మిరప కల్లం. పద్నాలుగు మంది ఎర్ర చొక్కాలు వేసుకుని కల్లంలో కాయల్లా పడుకుంటారు. ఒకడు రేకు మీద కొట్టి ఉరుము చేస్తాడు. వాన వస్తుంది. ఇద్దరు దుప్పటి పట్టా తెచ్చి కాయల మీద కప్పుతారు. నలుగురు రైతులు చీపుళ్ళు పట్టుకుని "దొంగ వానా, మా ఎరుపు దోచుకుంటావా" అంటూ వానను వేదిక మీదనుంచి తరిమేస్తారు. అంతే కథ. ఎవరు ఎక్కడ నిలబడాలో సిమెంటు అరుగు మీద సుద్దతో సున్నాలు గీసి, వాటికి నంబర్లు వేశాను. అవే నంబర్లు నా పుస్తకంలో పేర్ల పక్కన రాసుకున్నాను.

వాన వేషం తరగతిలో అందరికంటే పొట్టిగా ఉండే పాపకు ఇచ్చాను. అడిగి పుచ్చుకుంది. వాళ్ళ నాన్న టూరిస్టులు వచ్చే వేరే దీవిలో వంటవాడు. మూడు నెలలకొకసారి సెలవు దొరుకుతుంది. ఈసారి సెలవు సరిగ్గా తల్లిదండ్రుల రోజునే, ఒక్క పూటకు. తల్లి కాన్పు కోసం రాజధానికి వెళ్ళింది. పాప నానమ్మ దగ్గర ఉంటోంది. "మా నాన్న వస్తున్నాడు" అన్న మాట ఆ నెలలో ఆ పిల్ల నోట రోజూ విన్నాను. హాజరు పిలిస్తే "ఎస్ మిస్" అనడానికి బదులు కూడా ఒకసారి అదే అంది. తనకు పరిగెత్తే వేషం కావాలంది. నాటికలో పరిగెత్తేది వాన ఒక్కతే.

రిహార్సల్ మొదలైన రోజే కాయల వరసలో పడుకున్న ఒక పిల్ల తల ఎత్తి అడిగింది, వానొస్తే వీళ్ళంతా ఎందుకు భయపడుతున్నారని. కాయలు తడుస్తాయని చెప్పాను. తడిస్తే ఏమవుతుందని ఇంకొకడు అడిగాడు. పాడవుతాయని చెప్పి, బోర్డు మీద తెల్లమచ్చల మిరపకాయ బొమ్మ గీశాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా ఇంగ్లీషే అర్థం కాలేదనుకుని మరో బొమ్మ గీశాను.

ప్రదర్శనకు ఎనిమిది రోజుల ముందు పాప రిహార్సల్‌కు రాలేదు. మర్నాడు క్లాసుకు వచ్చింది, కానీ అరుగు మీదకు రమ్మంటే తల వంచుకుని బల్ల గీరుతూ కూర్చుంది. నానమ్మ వద్దందట. వాన వేషమే కాదు, ఆ నాటికలో ఏ వేషమూ వెయ్యకూడదట. వేరే పిల్లను పెట్టుకోండని ప్రిన్సిపాల్ తేలిగ్గా అన్నారు. పెట్టుకోవచ్చు, నంబరు పక్కన పేరు మార్చడమే. కానీ మూడు నెలలకు ఒక పూట వచ్చే తండ్రి ముందు ఆ పిల్ల కింద కూర్చుని మిగతా పిల్లలను చూడాలి. అది నాకు మింగుడు పడలేదు.

తమ్ముణ్ణి అడిగాను. అతను ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు.

"అక్కా, మీరు వానను చీపుళ్ళతో తరిమిస్తున్నారంట నిజమేనా?"

"కల్లంలో నీళ్ళు ఊడ్చాలి కదా తమ్ముడూ."

"నీళ్ళనా ఊడ్చేది? పిల్లను తరుముతున్నారు. పైపెచ్చు దొంగా అనిపిస్తున్నారు. ఆ పిల్ల నానమ్మ ఎవరనుకున్నారు? మసీదు దగ్గర వాన నీళ్ళ టాంకీ ఉందే, దాని తాళంచెవి ఆమె దగ్గరే ఉంటది. రోజూ సాయంత్రం గంటసేపు తెరిచి ఇంటికి ఇన్నని పోసేది ఆమే. కంచె అవతలనించి చూసిందంట మీ రిహార్సలు."

అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆ దీవిలో బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, స్నానానికే పనికొస్తాయి. తాగడానికి రేకుల కప్పుల మీదనుంచి గొట్టాల్లోకి దింపి టాంకీల్లో పట్టుకున్న వాన నీళ్ళే. జనవరిలో నేను వెళ్ళిన దగ్గర్నుంచి చినుకు పడలేదు. మా కల్లాల్లో కాయలు ఎండే ఆ నెలల్లోనే అక్కడ టాంకీలు అడుగంటుతాయి. నేను మూడు నెలలుగా ఆ నీళ్ళే తాగుతున్నాను, గదిలో బిందె నింపి పెట్టేవాళ్ళు కనుక అవి ఎక్కడివని అడగలేదు.

"మరి వీళ్ళూ చేపలు ఎండబెడతారుగా. తడిస్తే తిట్టుకోరా?" అన్నాను, ఓడిపోవడం ఇష్టం లేక.

"చేప తడిస్తే మళ్ళీ ఎండుద్ది. టాంకీ ఎండితే తాగేదేంది?" అన్నాడు. "మా అమ్మా తిట్టుద్దిలే అక్కా, కొత్తపట్నంలో ఎండుచేపలు తడిసినప్పుడు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో అట్టాగే నోరు జారి చీవాట్లు తిన్నా."

ఆలోచిస్తే సిగ్గేసింది. జూన్‌లో విత్తనం పెట్టి, చినుకు రాకపోతే కప్పను రోకలికి కట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకునేదీ మా ఊరే. నేను సంవత్సరంలో ఒక సగాన్నే మూటగట్టుకుని తెచ్చాను. ఇక చీపురంటారా, మా ఇళ్ళల్లో మనిషి మీద చీపురు ఎత్తితే పెద్దమనుషుల పంచాయతీ దాకా పోతుంది. వాన కాబట్టి అది నా కంటికి ఆనలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. ఇంటిముందు ఇనుప చట్రానికి తాళ్ళు అల్లిన కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. లేవలేదు, రమ్మనీ అనలేదు, పక్క కుర్చీలు చూపించింది. లోపలి నుంచి పాప రెండు గాజుగ్లాసులతో నీళ్ళు తెచ్చింది. నేను అలవాటు కొద్దీ గ్లాసులో నీళ్ళను ఒకసారి తిప్పి, ఒక గుక్కెడు ఇసుకలోకి ఒంపి, మిగతావి తాగాను. మా వైపు ఎవరింట నీళ్ళిచ్చినా చేసేది అదే. శుభ్రం కోసం చేస్తాం, ఎవరూ తప్పు పట్టరు.

తమ్ముడు నా కాలు తొక్కాడు. ముసలామె నన్ను చూడలేదు. ఇసుకలో తడిసిన ఆ అరచేయంత మచ్చను చూస్తూ ఉండిపోయింది. పాప కూడా దాన్నే చూస్తోంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నాటిక గురించి సంజాయిషీ చెబుదామని కాగితం మీద రాసుకుని వెళ్ళినది మడిచి సంచిలో పెట్టేశాను. మా కల్లం ఎలా ఉంటుందో చెప్పాను. ఏ నెలలో నారు పోస్తామో, ఎన్ని నెలలు కాపు కాస్తామో, ఎంతమంది వంగి కోస్తారో, ఎండబోసిన కాయ మీద జల్లు పడితే మా ఇంట్లో ఆ రోజు పొయ్యి ఎందుకు వెలగదో చెప్పాను. తమ్ముడు ఒక్కో ముక్కా ఆమె భాషలోకి మార్చాడు. ఆమె మాటలు మళ్ళీ తెలుగులోకి మార్చేటప్పుడు అతనికి తన ఊరి మాటే వచ్చేది. అందువల్ల ఆమె నాతో ఒంగోలు యాసలో మాట్లాడినట్టే ఇప్పటికీ గుర్తు.

"కాయలు కప్పుకోవాల్సిందే. అది మీ తిండి," అందామె. తర్వాత అడిగింది. "ఆ పట్టా మీద పడ్డ నీళ్ళు ఏం చేస్తారు?"

"వాన వెలిశాక పట్టా ఎత్తి పారబోస్తాం."

"పారబోస్తారా?"

ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక అల్యూమినియం కుండ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చీపుళ్ళు తీసెయ్యమంది. ఆ నలుగురు పిల్లలకూ కుండలివ్వమంది. కాయల మీద పట్టా కప్పాక, పట్టా అంచు నుంచి జారే నీళ్ళను కుండల్లో పట్టాలి. వానను ఎవరూ తిట్టకూడదు. వాన కూడా ఊరికే పారిపోకూడదు, వచ్చినప్పుడు ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో కూడా ఆమే చెప్పింది. "నేను వానను. మీ కుండలు తెచ్చుకోండి."

"అట్టాగైతే నా మనవరాలు వేస్తది," అని ముగించింది. పాప అప్పటికే గుమ్మంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి పరిగెత్తేసింది.

తిరిగి వస్తుంటే తమ్ముడు అన్నాడు. "అక్కా, మీ నాటకానికి డైరెక్టరు మారింది. మీరిక ఉరుములు చూసుకోండి."

శుక్రవారం సెలవు. టెలిఫోను బూత్ నుంచి మావారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. గ్లాసు సంగతి కూడా చెప్పాను. ఆయనకు గ్లాసు పట్టలేదు, నాటిక పట్టింది.

"అయితే నువ్వు వానను రా రమ్మని పిలిపిస్తావన్నమాట. ఒక పది రోజులు ఆగి ఆడించు. రెండో కోత ఇంకా కల్లంలోనే ఉంది, పొద్దున్నించీ మబ్బేసింది."

"ఇక్కడ పిలిస్తే అక్కడ ఎందుకు కురుస్తుందండీ?"

"ఏమో. నువ్వు ఏ పని చేసినా పద్ధతిగా చేస్తావు. కురిసినా కురుస్తది."

మిగిలిన రోజులు కొత్త నాటిక నేర్పాను. సుద్ద సున్నాలన్నీ చెరిపి మళ్ళీ గీశాను. వాన కుడివైపు నుంచి ఒకటో సున్నాలోకి వచ్చి, మూడో సున్నా దగ్గర ఆగి, తన మాట చెప్పి, కాయల చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళాలి. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు. కుండలు పట్టుకున్న నలుగురికి ఎలా నిలబడాలో నేను చెప్పనవసరం లేకపోయింది. ఇంట్లో రోజూ చేసే పనే అది, గొట్టం కింద కుండను ఎంత వంచాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

ప్రదర్శన రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక జనం బడి ఆవరణకు వచ్చారు. ముందు వరసలో నానమ్మ కూర్చుంది. మధ్యాహ్నం రావాల్సిన పడవ ఇంకా రాలేదు. నీలం గుడ్డ కట్టుకున్న పాప అరుగు పక్కన నిలబడి రేవు వైపు తప్ప ఎటూ చూడటం లేదు. మా తరగతిది మూడో అంశం. రెండోది అయిపోతుంటే ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళి మమ్మల్ని చివరికి మార్చమని అడిగాను. రాసి పెట్టుకున్న వరస మార్చమని అడగడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆయన ఒప్పుకున్నారు. అయిదో తరగతి వాళ్ళు, నాలుగో తరగతి వాళ్ళు, అందరూ అయిపోయారు. పడవ రాలేదు. ఇక మొదలుపెట్టక తప్పలేదు.

పద్నాలుగు కాయలూ తమ సున్నాల్లో పడుకుని కళ్ళు మూసుకున్నాయి. రేకు మీద ఉరుము మొదలైంది. నేను చెయ్యి ఊపాను. వాన అరుగెక్కి ఒకటో సున్నాలో అడుగు పెట్టింది, రెండోదానికి వచ్చింది. సరిగ్గా అప్పుడు, చివరి వరస వెనక, భుజాన సంచి వేసుకున్న ఒక మనిషి ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు. రేవు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు.

మూడో సున్నా దాకా వెళ్ళలేదు పాప. అరుగు మీదనుంచి ఒక్క దూకు దూకి, కుర్చీల మధ్యనుంచి, నీలం గుడ్డ వెనక జీరాడుతుంటే, నిజంగానే చాలా వేగంగా పరిగెత్తి వెళ్ళి అతని నడుము పట్టుకుంది. మా పొలాల మీద కమ్ముకున్న మబ్బు పక్కూళ్ళో కురిసి పోతుందే, అలా అయింది. అరుగు మీద పట్టా పట్టుకున్న ఇద్దరూ, కుండల వాళ్ళు నలుగురూ నావైపు చూశారు. నా పుస్తకంలో దీనికి ఏమీ రాసుకోలేదు.

ముందు వరసలోంచి నానమ్మ లేచి అరుగు మీది పిల్లలతో ఒక మాట గట్టిగా అంది. "కుండలు!" అందని తర్వాత తెలిసింది. నలుగురూ కుండలతో అరుగు దిగి వాన వెంట పడ్డారు. వాళ్ళ వెనకే పట్టా వెళ్ళింది. ఆ సందడికి కాయలు కళ్ళు తెరిచి, లేచి, అవీ పరిగెత్తాయి. చివరి వరస దగ్గర తండ్రీకూతుళ్ళ చుట్టూ ఇరవై మంది చేరి, పట్టా ఎత్తి వాళ్ళ మీద కప్పి, దాని అంచుల కింద కుండలు పెట్టారు. జనం కుర్చీల్లోంచి లేచి నిలబడి నవ్వుతున్నారు. అరుగు మీద ఉరుము ఒక్కడే మిగిలాడు. నేను సైగ చేసేదాకా ఆపొద్దని చెప్పాను కనుక వాడు రేకును బాదుతూనే ఉన్నాడు.

ఆ రోజు డైరీలో ఈ వివరాలే ఉన్నాయి, ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టారని కూడా. చివర ఒక వాక్యం రాశాను, పాప తన మాట చెప్పలేదని. అది నన్ను కొంచెం గుచ్చుతూనే ఉంది. వారం రోజులు నేర్చుకుంది.

మర్నాడు పొద్దున మొదటి పీరియడ్‌లో తలుపు దగ్గర ఆ తండ్రి నిలబడ్డాడు. భుజాన అదే సంచి. ఇంకో అరగంటలో పడవ. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు, నిన్న తన కూతురు తప్పు చేసిందా అని. ఉన్నదున్నట్టు చెప్పడమే నాకు అలవాటు. "తన చోటు వదిలి వెళ్ళింది. ఒక మాట చెప్పాల్సి ఉంది, అది చెప్పలేదు," అన్నాను.

"నేను వినొచ్చా?" అన్నాడతను.

పాపను పిలిచాను. బోర్డు ముందుకు వచ్చి, నీలం గుడ్డ లేకుండా, తెల్ల యూనిఫారంలో నిటారుగా నిలబడింది. నేల మీద చూసుకుంది. అక్కడ సున్నా లేదు. సుద్దముక్క తీసుకుని తనే ఒకటి గీసుకుని అందులో నిలబడింది.

"నేను వానను. మీ కుండలు తెచ్చుకోండి," అంది ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తడబడకుండా, వెనక బెంచీ దాకా వినపడేట్టు.

తండ్రి తలుపు దగ్గరే ఉండి రెండు చేతులూ దోసిలిగా కలిపి ముందుకు చాచాడు. ఆమె ఆ దోసిట్లో తన చేతులు పెట్టి తీసింది. అతను దోసిలిని జాగ్రత్తగా మూసుకుని, సంచి సర్దుకుని, రేవు వైపు వెళ్ళిపోయాడు. పాప తన చోటుకు వెళ్ళి కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. ఆ రోజు మేము తీసివేతలు మొదలుపెట్టాం.